మేనత్త నర్సవ్వ, రెండవ భాగం

"సినిమా చూచుటకై సెలవు కోరుట ఉద్యోగ ధర్మానికి తీరని కళంకం!"

ఈ మహావాక్యం ఎల్లారెడ్డిలోని ఒకానొక ప్రభుత్వ కార్యాలయంలో, సోమవారం పొద్దున పదకొండున్నరకు, సూపరింటెండెంట్ లక్ష్మీరాజం గారి నోటి నుంచి వెలువడింది. ఏ కార్యాలయమో చెప్పను. చెప్పినా పదకొండున్నరకు ముందు పోతే అక్కడ మీకెవరూ దొరకరు.

వాక్యానికి కారణం మానస. ఉద్యోగంలో చేరి ఆరునెలలైనా నిండని ఈ జూనియర్ అసిస్టెంటు, సెలవు దరఖాస్తులో "కారణం" అన్న చోట "శుక్రవారం కామారెడ్డిలో సినిమా చూచుటకు" అని రాసింది. ఆ కార్యాలయం పుట్టినప్పటి నుంచి ఆ గడిలో జ్వరాలు కూర్చున్నాయి, విరేచనాలు కూర్చున్నాయి, పెళ్లిళ్లూ చావులూ కూర్చున్నాయి. నిజం వచ్చి కూర్చోవడం అదే మొదలు! లక్ష్మీరాజం ఆ కాగితాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని అందరికీ చూపించి, ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాడు. కత్తులు తిప్పే సముద్రపు దొంగలను, మబ్బుల మీద పోయే ఓడలను చూసి చప్పట్లు కొట్టేవాళ్లకు ఫైలు విలువ ఏం తెలుస్తుందని అరగంట ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఇంకా విడుదలే కాని సినిమాలో ఓడ మబ్బుల మీద పోతుందని సారుకు ఎట్లా తెలుసని అటెండరు పోచయ్యకు అనుమానం వచ్చింది. కానీ అటెండరుకు వచ్చే అనుమానాలు ఏ రిజిస్టరులోనూ ఎక్కవు.

ఎట్లా తెలుసంటే, ఆ సినిమా ప్రచార చిత్రాన్ని లక్ష్మీరాజం నలభైసార్లు చూశాడు. దాని మొదటి భాగం, "ఒంటిచెవి కెప్టెన్", తెలుగు మాటలతో వచ్చిన నాటి నుంచి పద్నాలుగుసార్లు చూశాడు. ఇంట్లో చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఫోను ముందు పద్మాసనం వేసుకుని కూర్చుంటే, భార్య ప్రమీలమ్మ ప్రవచనం వింటున్నాడనుకుని పక్కన అగరుబత్తి వెలిగించి పోయేది. రికార్డు గదిలో తలుపు వేసుకుని రెండడుగుల స్కేలుతో బీరువా మీదికి యుద్ధానికి పోయిన రోజులున్నాయి. పాపం, ఆయన సముద్రమన్నది ఎన్నడూ చూడలేదు. చూసిన పెద్ద నీరల్లా పోచారం ప్రాజెక్టు. ఒకసారి దాని కట్ట మీద నిలబడి, అటూ ఇటూ చూసుకుని, "తెరచాపలు ఎత్తుండ్రి" అని అరిచాడు. నాలుగు కొంగలు లేచిపోయాయి. యాభై నాలుగేళ్ల మనిషికి ఇదేం పిచ్చి అని నవ్వేవాళ్లు నవ్వండి. ముప్ఫై ఏళ్లుగా "తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది" అని రాస్తున్నవాడికి, కత్తి దూసి ఒక్క దెబ్బతో లెక్క తేల్చేసే మనిషిని చూస్తే ప్రాణం లేచి వస్తుంది. అంతే సంగతి.

ఆ రెండవ భాగం కామారెడ్డిలో ఒక్క టాకీసులో, శుక్రవారం ఒక్కరోజు, రెండే ఆటలు! శనివారం నుంచి అక్కడ మన తెలుగు హీరోగారి కొత్త సినిమా దిగుతోంది. చూస్తే ఆ రోజే చూడాలి. చూస్తూ దొరికితే మాత్రం, సోమవారం నాటి మహావాక్యం తర్వాత, ఎల్లారెడ్డిలో తలెత్తుకుని తిరగలేడు.

లక్ష్మీరాజం అనుభవజ్ఞుడు. జ్వరమంటే డాక్టరు చీటీ అడుగుతారు, పెళ్లంటే శుభలేఖ అడుగుతారు, చావుకు సాక్ష్యం అడిగే అధికారి ఇంకా పుట్టలేదు. కాకపోతే ఆయన నానమ్మ రెండుసార్లు, పెదనాన్న మూడుసార్లు ఇప్పటికే ఆ కార్యాలయం కోసం ప్రాణాలు అర్పించి ఉన్నారు. తండ్రికి అక్కచెల్లెళ్లు లేరు కాబట్టి మేనత్తను మాత్రం ఇంతవరకు చంపలేదు. గురువారం సాయంత్రం "కామారెడ్డిలోని మా మేనత్త నర్సవ్వ గారు పరమపదించినందున" అని రాసి, ఆఫీసరు కృపాజ్యోతి మేడం ముందు పెట్టి, ముక్కు తుడుచుకున్నాడు. మేడం వెంటనే సంతకం పెట్టి, ఆమె ఆత్మ కోసం ప్రార్థన చేస్తానంది. కామారెడ్డిలో ఇల్లెక్కడ సార్ అని పోచయ్య అడిగితే, మనసు అప్పటికే ఓడెక్కిన లక్ష్మీరాజం "టాకీసు పక్కన" అనేశాడు.

శుక్రవారం ఆయన తలకు తువ్వాల చుట్టుకుని, లింగంపేట మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా వరి పొలాలు గాలికి ఊగుతుంటే ఆయనకు అలల్లాగే కనబడ్డాయి. పదకొండు గంటలకు టాకీసులో దీపాలు ఆరిపోయాయి. తువ్వాల ఊడిపోయింది. ఆ తర్వాత సూపరింటెండెంటు కూడా ఊడిపోయాడు!

ఏం సినిమా, ఏం సినిమా! ఒంటిచెవి కెప్టెన్ తిమింగలం నోట్లోంచి గుర్రం మీద బయటికొచ్చాడు. గుర్రం అక్కడికెట్లా పోయిందని అడిగేవాడు మనిషే కాదు. ఓడ నిజంగానే మబ్బుల మీదికెక్కి పిడుగుల మధ్య నుంచి దూసుకుపోయింది. కెప్టెన్ ఒక చేత్తో చుక్కాని తిప్పుతూ, ఇంకో చేత్తో పదకొండుమందితో కత్తియుద్ధం చేస్తూ, మధ్యలో జామపండు కొరికాడు. లక్ష్మీరాజం ఈల వేశాడు. ఆ ఈల ముప్ఫై ఏళ్ల నుంచి లోపల పెండింగులో ఉంది! పక్కన ఎవరో తెలియని పిల్లల మీద కాగితాలు చించి చల్లాడు, వాళ్ల సమోసాలు తిన్నాడు, వాళ్లకు మొదటి భాగం కథంతా చెప్పాడు. ఇంత సంతోషం తన ఒంట్లో ఎక్కడ దాక్కుని ఉందో ఆయనకే తెలియలేదు.

ఆఖరికి పాడుకాలం వచ్చింది. మిత్రులను ఒడ్డుకు చేర్చి, కెప్టెన్ విరిగిన ఓడతో పాటు మునిగిపోతున్నాడు. తెర మీద నగారాలు మోగుతున్నాయి, జనం గొల్లున ఏడుస్తున్నారు. లక్ష్మీరాజం చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అప్పుడే ఫోను మోగింది. పోచయ్య.

"సార్, శవం లేసిందా?"

"ఇంక లేవలే పోచయ్యా. మునుగుతున్నడు" అన్నాడు లక్ష్మీరాజం, తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా.

"మునుగుడేంది సార్?"

"దుఃఖంల... దుఃఖంల మునిగిన."

డప్పులు జోరుగా కొడుతున్నారని, ఏడుపులు కూడా మస్తుగా ఉన్నాయని పోచయ్య ఎవరికో చెప్పడం వినిపించింది. తర్వాత అసలు పిడుగు పడింది. మీ అత్త మాకు పరాయిదా సార్, ఆఫీసంతా పరామర్శకు బయల్దేరినం, దండ గూడ తెచ్చినం, లింగంపేట దాటినం అన్నాడు.

లేచి పారిపోవడానికి టైముంది. కానీ కెప్టెన్ అక్కడ మునుగుతుంటే వదిలేసి ఎట్లా పోతాడు? పరువు పోతే పోనీ అనుకుని కూర్చున్నాడు. ఆయన జీవితంలో ఇంత ధైర్యం ఎప్పుడూ చేయలేదు. ఆ తర్వాత తెర మీద ఏమైందో, చూడనివాళ్ల ముందు చెప్పడం మర్యాద కాదు.

బయటికొచ్చేసరికి గేటు దగ్గర అందరూ ఉన్నారు. చామంతి దండతో పోచయ్య, ఆ పక్కన మానస, ముందు కృపాజ్యోతి మేడం, వెనక ఇద్దరు గుమాస్తాలు. లక్ష్మీరాజం కళ్లు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి, జుట్టులో కాగితం ముక్కలున్నాయి. ఇల్లెక్కడ అని అడుగుతారేమోనని గబగబా జుట్టు దులుపుకున్నాడు. ఎవరూ అడగలేదు. మేడం తల వంచుకుని, కార్యాలయం తరఫున ప్రగాఢ సానుభూతి అంది. అప్పుడు చూశాడు, మానస చేతిలో రెండో ఆట టికెట్లు. అయిదున్నాయి.

"మొన్న నిజం రాస్తే మీరు కొట్టేసిండ్రు సార్" అంది మానస మెల్లగా. "పొద్దుగాల మీ అత్త పేరు రాసిన. ఒక్క నిమిషంల మంజూరైంది. నాదే కాదు, అందరిది."

"నాది నేనే మంజూరు చేసుకున్న" అంది మేడం, గొంతు సవరించుకుని.

అందరూ గంభీరంగా రెండు నిమిషాలు మౌనం పాటించారు. పోచయ్య దండ పట్టుకుని దిక్కులు చూసి, చివరికి గేటు పక్కన నిలువెత్తు ఒంటిచెవి కెప్టెన్ బొమ్మ మెడలో వేసి దండం పెట్టాడు. లోపల గంట మోగింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా తోసుకుంటూ లోపలికి నడిచారు. లక్ష్మీరాజం తువ్వాల సర్దుకుని, సూపరింటెండెంటు గొంతు తెచ్చుకుని, వెనక నుంచి పిలిచాడు.

"ఒక్క మాట మేడం. పేర్లు పడుతున్నయని ఎవ్వరు లేసి రాకుండ్రి. మా అత్త ఆఖర్ల మళ్ల లేస్తది."