తిన్న పశువుకే గడ్డి

1954లో మా లంక గడ్డికి మహర్దశ పట్టింది. మనుషుల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు గడ్డిని ఉద్ధరిద్దామని పైవారు సంకల్పించి, పశుపోషణ అధికారి ప్రభాకరరావుగారిని పడవెక్కించి మా మీదికి పంపారు.

లంకలో బీడు నలభై ఎకరాలు. మేసే పశువులు నూటయాభై. ఎకరానికి రెండుకు మించితే గడ్డి మొదలంటా పోతుందని అధికారిగారు తేల్చారు. అంటే ఎనభైకి చోటు, మిగతావాటికి సెలవు. సెలవు ఎవరికన్నది కూడా శాస్త్రమే చెప్పింది. ఇంటి దగ్గర తవుడు, తెలకపిండి తిన్న పశువు బీట్లో తక్కువ మేస్తుంది. ఖాళీ కడుపుతో వచ్చింది నేలను గొరిగేస్తుంది. కనుక దాణా తిన్న పశువులకే గడ్డి మీద హక్కు. ఈ తీర్మానం రాసింది బడిపంతులునైన నేనే. చేతిరాత బాగుందని అధికారిగారు మెచ్చుకున్నారు.

బీడుకు దడి కట్టించారు. కాపలా లోవరాజు దడి తలుపు దగ్గర నిలబడి, ప్రతి పశువు మూతీ వాసన చూసి లోపలికి వదిలేవాడు. పంచాయతీ ప్రెసిడెంటు మాణిక్యాలరావుగారి పశువులు ముప్ఫయ్యారూ మొదటిరోజే పరీక్ష నెగ్గాయి.

మరిడమ్మకున్నది ఒక్క గేదె. దాని పాలు అమ్మి ఇద్దరు పిల్లలకు గంజి కాచేది.

"ఇంటికాడ పెట్టడానికేం లేకే కదండీ బీడుకి తోలుకొచ్చేను," అంది.

"అదే నీ గేదెలో ఉన్న లోపం," అన్నారు అధికారిగారు ఓర్పుగా. "ఆకలితో ఉంది."

"ఆయ్," అంది మరిడమ్మ. పెద్దవాళ్లను కాదనడం మా సీమలో మర్యాద కాదు.

మర్నాడు ఆమె ఎవరింటో గుప్పెడు తెలకపిండి అడిగి తెచ్చి గేదె మూతికి పూసింది. లోవరాజు వాసన చూసి వదిలేశాడు. కానీ లోపల పశువులన్నీ పడుకుని నెమరు వేస్తుంటే, అదొక్కటే తల ఎత్తకుండా మేస్తోంది. దొంగ దొరికిపోయింది. బందెలదొడ్డిలో నాలుగు రోజులుండి వచ్చేసరికి పాలు సగానికి పడిపోయాయి. వారం తిరక్కుండా మరిడమ్మ దాన్ని మాణిక్యాలరావుగారికి అమ్మేసింది. నాకు జాలేసింది. ఆ మాట మినిట్సు పుస్తకంలో రాయలేదు.

రెండు నెలలకు గడ్డి నడుమెత్తు పెరిగింది. విజయోత్సవ సభ పెట్టాం. అధికారిగారు మరిడమ్మ అమ్మిన గేదెను వేదిక పక్కన కట్టించి ఉపన్యసించారు.

"మహాశయులారా! నిన్నటిదాకా ఇది ఎముకల గూడు. నేడు నిగనిగలాడుతూ, గడ్డి ఎదురుగా ఉన్నా ముట్టడం లేదు. నోరులేని జీవికి ఇంతటి నిగ్రహం నేర్పింది శాస్త్రం!"

తర్వాత మరిడమ్మను నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు.

"గేదె మారలేదండి. ఇల్లు మారిందంతేనండి," అంది.

కృతజ్ఞత చెప్పిందనుకుని చప్పట్లు కొట్టాం.

సభ అయ్యాక ప్రెసిడెంటుగారి పందిట్లో భోజనాలు. వచ్చిన జనం నూటయాభై, వండింది ఎనభై మందికి. ఈసారి శాస్త్రాన్ని అడగాల్సిన పని లేకపోయింది. ఆకలి మీదున్నవాళ్లు ఎక్కువ తినేస్తారని, వాళ్లను ఆఖరి బంతికి ఆపాం. మరిడమ్మ పిల్లలిద్దరినీ పట్టుకుని పందిరి గుంజ దగ్గర నిలబడింది. ఆఖరి బంతికి అన్నం మిగల్లేదు.

నేను ఇంట్లో తినే వచ్చాను. అందుకని మొదటి బంతిలోనే కూర్చోబెట్టారు. చివర్న వడ్డించిన పెరుగు ఆ గేదెదే. కమ్మగా ఉందని చెప్పి, మరికాస్త వేయించుకున్నాను.