పది పార్టుల కోయిల

రెండో శనివారం, బడి లేదు. తిరువూరు మీద మంచు పలచగా పరుచుకుని ఉంది. లెక్కల మాస్టారు ఐజాక్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తను తయారుచేసిన కోయిలను డాబా మీద కూయించి, ఫోనులో వీడియో తీసి, పన్నెండులోగా వాట్సాప్ గ్రూపులో పెట్టేయడం.

ఆ గ్రూపులో ఉన్నది ఎనభైమంది ఎలక్ట్రానిక్స్ పిచ్చివాళ్ళు. నెలకో సర్క్యూట్ పోటీ పెట్టుకుంటారు. మెచ్చుకోలు తప్ప బహుమతేమీ ఉండదు. ఈ నెల, పది పార్టులకు మించకుండా పిట్టలా కూసేది చేయాలి. గత మూడు పోటీల్లోనూ ఐజాక్‌ది చివరి స్థానమే. అందుకే రెండు వారాలు టంకం పొగలో కూర్చుని, పాత బొమ్మలోంచి పీకిన స్పీకరుకు కూత నేర్పాడు. నిన్న సాయంత్రం అది మొదటిసారి "కూ..." అన్నప్పుడు ఆయన ప్రాణం దూదిపింజలా తేలిపోయింది.

డాబా మీదికి ఒరిగిన పక్కింటి మామిడికొమ్మకు సర్క్యూట్ ఉన్న సబ్బుపెట్టెను కట్టి స్విచ్ వేశాడు. కూత మంచులో కరుగుతూ ఎటో వెళ్ళిపోతుంటే, వీడియో సంగతే మరిచి కళ్ళు మూసుకుని నిలబడిపోయాడు.

కింద పక్కింటి అంకారావు పళ్ళు తోముకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. ఆయనకు ఊరి బయట ఆరెకరాల మామిడితోట ఉంది.

"ప్రమీలా, విన్నావా? కార్తీకంలో కోయిల! ఈ ఏడు పూత ముందే వచ్చేస్తదే!"

"అయితే మందు కొట్టించరా మరి?" అంది ఆయన భార్య ప్రమీలారాణి.

ఐజాక్ కళ్ళు తెరిచేసరికి అంకారావు ఫోనులో కూలీలను పురమాయిస్తున్నాడు. అది విన్న ఎదురింటి శౌరయ్య, తన షేర్ ఆటో ఎక్కినవాళ్ళందరికీ కబురు మోశాడు. తొమ్మిదింటికల్లా పురుగుమందుల కొట్టు ముందు జనం బారులు తీరారు.

ఐజాక్ భార్య జాస్మిన్ పరుగున డాబా ఎక్కింది. "ఏవండీ, మీ సబ్బుపెట్టె మాట విని ఊరంతా మందు కొట్టేస్తోంది. వేళకాని వేళ కొడితే తోటలేమైపోతాయి? వెళ్ళి చెప్పండి!"

"వీడియో ఇంకా తియ్యలేదే..." అని గొణుగుతూనే పెట్టె విప్పుకుని ఆయన కిందికి దిగాడు.

"అంకారావు గారూ, అది కోయిల కాదండి. నేను చేసిన సర్క్యూట్."

"మాస్టారూ, నలభై ఏళ్ళబట్టి తోటలో ఉన్నాను. కోయిలేదో డబ్బా ఏదో నాకు తెలీదా?"

పదిమందీ చూస్తుండగా ఐజాక్ బ్యాటరీ పీకేశాడు. "చూడండి, ఇక కూయదు."

"కూ... కూ..." అని వినిపించింది మామిడిచెట్టు మీంచి.

అందరూ తలలెత్తారు. చిటారుకొమ్మన నల్లటి కోయిల ఎర్రటి కళ్ళతో అటూ ఇటూ వెతుకుతోంది. పొద్దుటినుంచీ తనను కవ్విస్తున్న ఆ రెండోవాడు ఎవడో దానికి తేల్చుకోవాలని ఉన్నట్టుంది.

"ఏం మాస్టారూ, దానికీ బ్యాటరీ ఉందా?" అన్నాడు శౌరయ్య. వీధంతా నవ్వింది.

ఐజాక్ బ్యాటరీ మళ్ళీ పెట్టాడు. పెట్టె కూసింది. చెట్టు బదులిచ్చింది. పెట్టె ఒక మెట్టు పెంచితే చెట్టు రెండు మెట్లు పెంచింది. నవ్వులు ఆగిపోయాయి. జాస్మిన్ మైమరచి ఫోను చెట్టువైపు ఎత్తి పట్టుకుంది. మంచు విడిపోతున్న వీధిలో అందరూ ఏదో కలలో ఉన్నట్టు నిలబడ్డారు. నిజం కోయిలకే తన కోయిల నచ్చిందని ఐజాక్ కళ్ళు చెమర్చాయి.

కోయిల వచ్చింది పూతకు కాదు, పెట్టె కూతకేనని అర్థమైన అంకారావు మాత్రం మెల్లగా ఫోను తీసి, "ఒరే, మందు ఆపండ్రా" అన్నాడు. వార్తను మోసిన శౌరయ్యే కొట్టు దగ్గరికి వెళ్ళి జనాన్ని వెనక్కి పంపాడు.

పన్నెండుకు ఐదు నిమిషాలున్నాయనగా జాస్మిన్ తీసిన వీడియో గ్రూపుకు వెళ్ళింది. పావుగంటకు పోటీ నడిపే ఆయన ఫోన్ చేశాడు. "ఐజాక్ గారూ, పోటీ సర్క్యూట్లకండీ. మీరు పక్షిని తీసి పంపితే ఎలా? మీ ఎంట్రీ తీసేస్తున్నాం."

పక్కనే నిలబడి వింటున్న అంకారావు ఆ ఫోను లాక్కున్నాడు. "అయ్యా, అది ముమ్మాటికీ డబ్బానేనండి! నమ్మి తోట పోగొట్టుకోబోయినవాణ్ణి, నాకంటే సాక్షి ఎవరండీ?"

అవతల ఆయన ఒప్పుకోలేదు. మొదటి స్థానం ఏలూరు నుంచి వచ్చిన కాకి సర్క్యూట్‌కు దక్కింది. అది కప్పలా అరవడంతో, యంత్రమేనా అన్న అనుమానం ఎవరికీ రాలేదు.