ఆకాశానికి సెట్టింగులు

గాల్లో ఎగరాలనుకునేవాడికి రెక్కలు అక్కర్లేదు. ధైర్యం అక్కర్లేదు. ఆకాశం అసలే అక్కర్లేదు! అరచేతిలో ఇమిడే యాక్షన్ కెమెరా ఒకటి, దాని మెనూలో తప్పిపోవడానికి కావలసినంత తీరిక ఉంటే చాలు.

నవ్వకండి. మానవజాతికి ఈ మధ్య దొరికిన వరాల్లో కెమెరా సెట్టింగులను మించినది లేదని ఈ వ్యాసం నిరూపించబోతోంది. సాక్ష్యానికి ఒక పళ్ల డాక్టరుగారు ఉన్నారు. ఆయన భార్య కూడా ఉన్నారు గానీ, ఆవిడ సాక్ష్యం మధ్యలో కాస్త అడ్డం తిరుగుతుంది.

డాక్టరుగారు వారమంతా ఇతరుల నోళ్లలోకి వంగి చూస్తారు. అంతసేపు కిందికి చూసిన మనిషికి సెలవు రోజున పైకి చూడాలనిపించడంలో వింతేముంది? ఊరి బయట గ్లైడింగ్ క్లబ్బులో చేరారు. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. మామూలు విమానం ఒకటి తాడు కట్టి దాన్ని పైకి లాక్కెళ్లి వదిలేస్తుంది. ఆపైన ఎవరి తిప్పలు వారివి. నేల మీంచి లేచే వేడిగాలిని వెతుక్కుని, అది దొరికిన చోట గుండ్రంగా తిరుగుతూ ఎత్తు సంపాదించుకోవాలి. ఆ విద్య డాక్టరుగారికి బాగానే పట్టుబడింది. లైసెన్సు వచ్చింది. వెనక సీట్లో మనిషిని ఎక్కించుకునే అనుమతీ వచ్చింది.

మనిషే రాలేదు.

ఆయన భార్య డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతారు. కొత్తవాళ్ల పక్కన కూర్చుని, తన కాలి కిందున్న రెండో బ్రేకుతో ఎందరి ప్రాణాలో నిలబెట్టిన మనిషి.

"నా కాలి కింద బ్రేకు లేని బండి నేనెక్కనండీ" అని తేల్చేశారు.

"గ్లైడర్‌కీ బ్రేకుంటుంది. రెక్కల మీద."

"రెక్కల మీద నా కాలు ఆనుతుందా? ముందు పైన ఎలా ఉంటుందో చూపించండి. నచ్చితే వస్తాను. ఒక్కసారి."

ఆ ఒక్కసారి కోసమే డాక్టరుగారు కెమెరా కొన్నారు. కింద తానెలా ఉంటాడో ఆవిడకు బాగా తెలుసు. అందులో గొప్పగా చెప్పుకోవలసింది ఏమీ లేదని ఆయనకూ తెలుసు. పైన వేరే మనిషి ఉన్నాడు. అతన్ని ఆవిడ ఒక్కసారి చూడాలి. అంతే ఆయన కోరిక.

ఇక చూడండి వరాల వర్షం!

మొదటి వీడియో వైడ్ యాంగిల్‌లో తీశారు. ప్రపంచమంతా పట్టింది, కానీ గ్లైడర్ రెక్క అప్పడంలా వంగింది. తాడు కట్టి లాగే విమానం ఫ్యాను ముక్కలు ముక్కలై గాల్లో వేలాడింది.

"ఏమండీ, ముందు విమానం విరిగిపోతుంటే వెనకాల మీరు నవ్వుతున్నారేంటి?"

"అది విరగలేదు. కెమెరాకి అలా కనిపిస్తుంది."

"మరి నాకు చూపించేది కెమెరాకి కనిపించేదా, మీకు కనిపించేదా?"

ఎంత లోతైన ప్రశ్న! తత్త్వవేత్తలు జీవితాలు ధారపోసి అడిగే ప్రశ్నను ఆవిడ పప్పు తాలింపు పెడుతూ అడిగేశారు. ఈ సెట్టింగులే లేకపోతే అడిగేవారా?

రెండో వీడియోలో కాక్‌పిట్ చక్కగా కనిపించింది. అద్దం బయట మాత్రం తెల్లగా పాలు ఒలికినట్టుంది. చీకటిగా ఉన్న లోపలి భాగాన్ని చూసి కెమెరా వెలుతురు పెంచేసుకుందన్నమాట. ఆపై వారం ఎక్స్‌పోజర్‌ను బయటి వెలుతురుకు లాక్ చేశారు. మేఘాలు ముత్యాల్లా వచ్చాయి. డాక్టరుగారు ముసుగు దొంగలా వచ్చారు. తర్వాత హొరైజన్ లాక్ వేశారు. దాంతో దిగంతం గీత గీసినట్టు నిలబడింది, దాని ముందు డాక్టరుగారు సీటుతో సహా పక్కకు ఒరిగిపోయారు. కుదుపులు మాన్పే స్టెబిలైజేషన్ తీసేస్తే ఆ ఊగుడు చూడలేక ఆవిడ కళ్లు మూసుకున్నారు. పూర్తిగా వేస్తే ఆవిడ ఆవలించారు.

"ఇంత కదలకుండా కూర్చోడానికి అంత దూరం వెళ్లడమెందుకండీ? మన సోఫా ఉందిగా!"

ఇలా రెండేళ్లు. ఈ రెండేళ్లలో డాక్టరుగారు ఎన్నిసార్లు ఎగిరారో ఆయనకు గుర్తులేదు. ఏ రోజు ఏ ఫ్రేమ్ రేటులో ఎగిరారో మాత్రం నిద్రలో అడిగినా చెబుతారు. క్లబ్బులో నేర్పే పెద్దాయన ఒకరున్నారు. అందరూ ఆయన్ని గద్ద మేష్టారు అంటారు, ఎదురుగానే అంటారు. ఆయన ఓ రోజు కెమెరా వైపు చూసి, "డాక్టర్‌గారూ, కళ్లు అద్దం బయట ఉండాలండీ. లోపలున్నదేదీ వచ్చి మిమ్మల్ని గుద్దదు" అన్నారు. వాడుకలో లేని సెట్టింగుల మనిషి! పట్టించుకోనక్కర్లేదు.

చివరికి కుదిరింది. వెడల్పు మధ్యరకం, కుదుపులు సగం మాఫీ, వెలుతురు సమానం, గాలి చప్పుడు కోత. ఆ వీడియోలో గ్లైడర్ మెత్తగా, ఊయల మీద పడుకున్న పసిపాపలా తేలింది. ఆవిడ చివరిదాకా చూశారు. పొయ్యి కట్టేసి మరీ చూశారు.

"సరే, వస్తాను. కానీ నాకు నచ్చకపోతే మళ్లీ అడగకూడదు. జన్మలో."

మన కథలో పందెం అదే. ఒకే ఒక్క ఎగురుడు. దాని మీదే అన్నీ.

అందుకే డాక్టరుగారు ఆ రోజు కెమెరాను తన ముందు, తన వైపే తిప్పి బిగించారు. దాని ముందు వైపు బుల్లి తెర ఉంటుంది. అందులో తన భుజం మీదుగా వెనక సీట్లో ఆవిడ ముఖం కనిపిస్తుంది. నచ్చిందో లేదో ఆ ముఖంలోనే కదా తెలిసేది! తెర మీద తన టోపీ మీది క్లబ్బు పేరు తిరగేసి కనిపించింది. అద్దంలో చూసుకున్నట్టు చూపించే సెట్టింగ్ అది. డాక్టరుగారికి పద్ధతి ముఖ్యం. తీసేశారు. అక్షరాలు సరిగ్గా వచ్చాయి. ఇప్పుడు ఎడమ చెయ్యి ఎత్తితే తెరలో కుడి పక్కన లేస్తుంది. అదీ ఒక లోపమేనా?

పైకి వెళ్లారు. తాడు వదిలారు. వేడిగాలి దొరికింది. గ్లైడర్ ఒక్క కుదుపు కుదిపి, పక్కకు ఒరిగి, గుండ్రంగా తిరగడం మొదలెట్టింది.

"ఏమండీ! వీడియోలో ఇలా ఊగలేదే!"

"అందులో స్టెబిలైజేషన్ వేశాను."

"మరి ఇందులోనూ వెయ్యండి!"

డాక్టరుగారికి అనుమానం వచ్చింది. నచ్చలేదా? తెరలోకి చూశారు. పెదాలు బిగపట్టి ఉన్నాయి. ఇంకో చుట్టు తిరిగారు. మళ్లీ చూశారు. ఇంకో చుట్టు. అప్పుడు కనిపించింది! కళ్లు ఇంతింత చేసుకుని, నోరు తెరిచి, మాట రాక నిలిచిపోయిన ముఖం. ఆశ్చర్యం! రెండేళ్లుగా ఎదురుచూసిన ముఖం! బెదిరిపోయి నోళ్లు తెరిచినవాళ్ల మధ్యే బతుకంతా గడిపిన మనిషి, ఆ ముఖాన్ని ఆనందం అనుకున్నారు. కెమెరా రికార్డింగ్ ఎర్ర లైటు వెలుగుతోందో లేదో చూసుకున్నారు. వెలుగుతోంది. హమ్మయ్య.

తెరలో ఆవిడ చెయ్యి లేచింది. కుడి వైపు ఏదో చూపిస్తోంది. డాక్టరుగారు కుడి వైపు చూశారు. నిర్మలమైన నీలం. ఎంత మంచి అభిరుచి ఆవిడది, అనుకున్నారు.

ఎడమ భుజం మీద ఒక్క దెబ్బ పడింది.

"ఎడమ! ఎడమండీ! తెర కాదు, బయట!"

ఎడమ వైపున ఇంకో గ్లైడర్. అదే వేడిగాలిలోకి వచ్చింది. అందులో మనిషి టోపీ కనిపించేంత దగ్గర, టోపీ కింద మీసం కనిపించేంత దగ్గర. గద్ద మేష్టారు! ఆయన అప్పటికే పక్కకు తప్పుకుంటున్నారు. డాక్టరుగారు గ్లైడర్‌ను తిప్పే కర్రను కుడికి నెట్టారు. ఆ తర్వాత నేరుగా కిందికి దించేశారు.

చూశారా సెట్టింగుల మహిమ? అవి లేకపోతే ఆవిడ పైకి వచ్చేవారా? ఆవిడ రాకపోతే ఆ గ్లైడర్‌ను చూసేదెవరు? ఆ గ్లైడర్ వచ్చింది కూడా చూడకుండా తిరగాల్సిన అవసరం ఎందుకొచ్చిందని మాత్రం అడగకండి. వరాలను అలా గుచ్చి అడగకూడదు.

గద్ద మేష్టారు దిగి నేరుగా ఆవిడ దగ్గరికి వచ్చారు.

"చూసింది మీరే కదమ్మా?"

"నా పనే అదండీ. పక్కనున్నవాళ్లు చూడనిది చూడటం."

"వచ్చే వారం నుంచి రండి. ముందు సీట్లో కూర్చుందురుగాని. వెనక సీట్లో నేనుంటా." తర్వాత ఇటు తిరిగి, "డాక్టర్‌గారూ, మీరు కొన్నాళ్లు నేల మీద నుంచి చూడండి" అన్నారు.

ఇంటికి వెళ్లే దారిలో డాక్టరుగారు ఒక్కటే అడిగారు. "నచ్చలేదా?"

"నచ్చింది" అన్నారావిడ. "మీరు తోలడం నచ్చలేదు."

ఆ తర్వాతి వారం ఆవిడ ముందు సీట్లో ఎక్కి బెల్టు బిగించుకున్నారు. డాక్టరుగారు గట్టు మీద కెమెరా పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ మొదటి ఎగురుడు! ఏ సైజులో తియ్యాలి? ఏ వేగంలో? సూర్యుడు ఎదురుగా ఉన్నాడు, వెలుతురు లాక్ చెయ్యాలా వద్దా? మెనూలోకి వెళ్లారు. మెనూలోంచి బయటికొచ్చేసరికి తాడు లేదు, విమానం లేదు, గ్లైడర్ లేదు. ఆయన హడావుడిగా కెమెరా పైకెత్తి, ఉందనుకున్న వైపల్లా తిప్పారు.

సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ ఆ వీడియో పెట్టమన్నారు. డాక్టరుగారు పెట్టారు. అంతా నీలం. రెక్క లేదు, తోక లేదు. ఓ మూల కాస్త మబ్బు కదిలి, తీరిగ్గా కరిగిపోయింది.

ఆవిడ తినడం ఆపి చూశారు.

"బాగుందండీ. పైన అచ్చం ఇలాగే ఉంది. ఏ సెట్టింగ్‌లో తీశారు?"

"ఏమో" అన్నారు డాక్టరుగారు. "పెట్టేలోపే నువ్వెళ్లిపోయావు."