మూడంగుళాల లూజు

ఆ సోమవారం ఉదయం టైలరు మాస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, షాపు షట్టరు ఎత్తాలి, ఉన్న ఒక్క మంచి కుర్చీ తుడిచి హెడ్మిస్ట్రెస్ గారిని కూర్చోబెట్టాలి. వచ్చే ఏడాది నాలుగు వందల మంది పిల్లల యూనిఫారాలు ఎవరికివ్వాలో ఆవిడ తేల్చబోతోంది. ఆ ఆర్డరు వస్తే షాపు నిలబడుతుంది, రాకపోతే షట్టరు దించేసుకోవడమే. ఆ సంగతి మాస్టరుకీ తెలుసు, ఆయన భార్యకీ తెలుసు.

హెడ్మిస్ట్రెస్ వచ్చింది. వెనకాలే, ఎవరూ పిలవకుండానే, ఎదురుషాపు టైలరు కూడా ఊడిపడ్డాడు. హ్యాంగరుకున్న పాత కోటు కేసి చెయ్యి చూపించాడు.

"అది మాస్టారు పెళ్లికి కుట్టుకున్న కోటండీ. ఇప్పుడు బొత్తాం పెట్టుకోమనండి చూద్దాం. తన కోటే తనకి సరిపోనివాడు పిల్లలకేం కుడతాడు?"

మాస్టరుకి చర్రున కోపం వచ్చింది. కోపంలో నోరు ముందు, బుర్ర వెనక.

"మూడు నెలల్లో మన టైలర్ల సంఘం మీటింగుంది కదా! ఇదే కోటు, సూది తగలకుండా, వేసుకొస్తా. బొత్తాం పడకపోతే మీ ఆర్డరు నాకొద్దమ్మా!"

హెడ్మిస్ట్రెస్ సరదా పడింది. మధ్యలో ఎవరూ కుట్లు విప్పకుండా కోటును తీసుకెళ్లి స్కూలు బీరువాలో పెట్టి తాళం వేసింది.

సాయంత్రానికి మాస్టరు భార్య ఎక్కడినుంచో నాలుగు పేజీల వ్యాయామ ప్లాను ప్రింటు తీయించుకొచ్చి వంటింటి గోడకు అంటించింది. పన్నెండు వారాలు, రోజుకు ఇన్ని బస్కీలు, ఇంత నడక, అన్నీ గడులు గీసి ఉన్నాయి.

"ఇది ఎవరి కొలతకి రాశారు?" అన్నాడు మాస్టరు.

"అందరికీనండీ. రెడీమేడు ప్లాను."

"రెడీమేడా! పాతికేళ్లుగా నేను దేనిమీద యుద్ధం చేస్తున్నానో తెలిసే ఈ ఇంట్లోకి తెచ్చావా? ఒక్కో ఒళ్లు ఒక్కో తీరు. కొలిచి కుట్టాలి!"

కొలిచి కుట్టేవాళ్లు ఫోన్లో దొరికారు. ఆన్‌లైన్ కోచ్ ఒక చలాకీ అమ్మాయి. మీ ఒంటికి తగ్గట్టే ప్లాను వేస్తాను సార్, నెలకు రెండుసార్లు నడుము కొలత పంపితే చాలు అంది. ఆ మాటకి మాస్టరు కరిగి నీరైపోయాడు. మొదటిసారి భార్యే టేపు పట్టింది. నలభై అంగుళాలు. కోటు కుట్టింది ముప్పై ఆరు నడుముకి కాబట్టి లక్ష్యం ముప్పై ఆరు. మాస్టరు వద్దన్న గోడమీది ప్లానును, పారేయడం ఎందుకని, భార్య తనే మొదలుపెట్టింది.

రెండు వారాలు మాస్టరు ఊపిరి తిప్పుకోకుండా కష్టపడ్డాడు. తనే కొలుచుకుని షాపు కొలతల పుస్తకంలో రాశాడు. అందులోంచి చూసి భార్య కోచ్‌కి పంపింది. నలభై రెండు.

"సార్, తగ్గమంటే పెరిగారేంటి?" కోచ్ గొంతులో చలాకీతనం పోయింది. రాత్రి భోజనం సగం చేసింది, బస్కీలు రెట్టింపు చేసింది. మళ్లీ రెండు వారాలకు నలభై ఒకటి. అంత ఆకలికి ఒక్క అంగుళమా!

"మేడమ్, సార్ ఎక్కడో దాచుకుని తింటున్నారు" అని కోచ్ తేల్చేసింది. భార్య షాపంతా గాలించింది. బట్టల తానుల వెనక, కస్టమర్ల కోసం పెట్టిన బిస్కెట్ల డబ్బా దొరికింది.

"పాతికేళ్ల కాపురంలో నాకు అబద్ధం చెప్పలేదనుకున్నా" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"నీ మీదొట్టు, ఒక్కటి కూడా ముట్టలేదే!" మాస్టరుకి నిజంగానే ఏడుపొచ్చింది. ఆకలి ఒకపక్క, అపనింద ఒకపక్క.

ఆపైన కోచ్ మధ్యాహ్నం వేళ చెప్పాపెట్టకుండా వీడియో కాల్ చేయడం మొదలుపెట్టింది. ఒకరోజు ఫోను కుట్టు మిషనుకి ఆనించి ఉంది. దాని ముందు ఒక బ్యాంకు ఆఫీసరు ట్రయలు వేసుకుంటున్నాడు. కాల్ ఎత్తేసరికి తెర నిండా ఆయన బొజ్జే కనిపించింది.

"ఏంటి సార్ ఆ పొట్ట! సిగ్గుగా లేదూ? రేపట్నుంచి ఉత్త మజ్జిగే!"

ఆఫీసరు గుండుసూదులున్న ప్యాంటుతోనే రోడ్డెక్కాడు. మాస్టరు మర్నాటినుంచి ఉత్త మజ్జిగ మీదికొచ్చాడు. తన ప్యాంటు జారిపోతుంటే బట్ట నాసిరకం, సాగిపోయిందని మిల్లువాళ్లను తిట్టుకున్నాడు. మీటింగు ముందురోజు పుస్తకంలో ముప్పై ఆరు పడింది. ఆరోజు మొగుడూ పెళ్లాలిద్దరూ హాయిగా నిద్రపోయారు.

సంఘం హాల్లో వందమంది టైలర్లున్నారు. హెడ్మిస్ట్రెస్ బీరువాలోని కోటు తెచ్చింది. మాస్టరు స్టేజీ మీద వేసుకున్నాడు. బొత్తాం పడింది, కానీ కోటులో ఇంకో మనిషికి చోటుంది. భుజాలు మోచేతుల వైపు జారాయి. హాలంతా గొల్లుమంది.

"ఏ ఫుట్‌పాత్ మీద కొన్నావు మాస్టారూ?" అన్నాడు ఎదురుషాపు టైలరు.

భార్య గబగబా స్టేజీ ఎక్కి, మాస్టరు మెడలోని టేపు లాగి నడుము కొలిచింది.

"ముప్పై మూడు! పుస్తకంలో ముప్పై ఆరని రాశారేంటండీ?"

"లూజు కలిపి రాశా. ఊపిరికో అంగుళం, కూర్చోవడానికొకటి, భోజనానికొకటి. కోటు కొలతంటే ఎవరైనా అలాగే కదా రాసేది!"

వందమంది టైలర్లూ అవునన్నట్టు తలలూపారు. భార్య మాత్రం బిస్కెట్ల డబ్బా గుర్తొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. గోడమీది ప్లానుతో ఆవిడ తను అనుకున్న రెండంగుళాలూ నిశ్శబ్దంగా తగ్గింది. ఆ మాట చెప్పడానికి ఇది సమయం కాదని ఊరుకుంది.

మాస్టరు తల వంచుకుని కోటు విప్పబోయాడు. "ఆర్డరు ఎదురుషాపాయనకే ఇవ్వండమ్మా. ఇంత వేలాడే కోటుతో నిలబడి నేనేం అడగను?"

"ఆగండి" అంది హెడ్మిస్ట్రెస్. ఆవిడ కోటు అంచు పట్టుకుని లాగి చూసింది, చేతుల పొడవు చూసింది. ఎదురుషాపు టైలరు మొహం వికసించింది.

"మా పిల్లలు ఏడాదికి జానెడు పెరుగుతారు మాస్టారూ. మీ ఎదురుషాపు టైలరుగారు పోయినేడు ఒంటికి అతికినట్టు కుట్టిచ్చారు, ఆరు నెలలకే అన్నీ బిగుతయిపోయాయి. నాకు సరిగ్గా ఇలాంటివే కావాలి. నాలుగు వందలూ మీరే కుట్టండి."

పాతికేళ్లు ఒంటికి సరిపోయేలా కుట్టిన మాస్టరుకి వచ్చిన అతి పెద్ద ఆర్డరు, ఎవరికీ సరిపోకుండా కుట్టమని.