మడత విప్పని కొలత

ఎనభై రెండో సంవత్సరంలో ఒక ఆదివారం. ధర్మవరంలో బాలప్ప ఆ రోజుకు వేసుకున్న ప్రణాళిక చాలా సులువైనది. పొద్దున్నే వడ్రంగి కదిరప్ప దగ్గర కొత్త బేస్ గిటారు తీసుకోవాలి, పది గంటల మడకశిర బస్సెక్కాలి, సాయంత్రం నాలుగింటికి జాతరలో వాయించాలి. వారమంతా మగ్గం నేసే బాలప్పకు ఆదివారాలు వీరప్ప ఆర్కెస్ట్రాలో ఆ లావు తీగల గిటారు వాయించడమే ప్రాణం. దాని మోత పాటకు అడుగున ఉండి గుండెలాగా కొట్టుకుంటుంది. ఉన్నన్నాళ్ళూ ఎవరూ గమనించరు, లేకపోతే మాత్రం పాట చచ్చినట్టుంటుంది.

పాత గిటారు పోయిన నెలలో బస్సు టాపు మీద నుంచి జారిపడి ముక్కలైంది. "మడకశిరలో బేస్ సరిగ్గా పలకల్ల. లేదంటే వచ్చే నెల నుంచి హిందూపురం ఆయప్పే వాయిస్తాడు" అని వీరప్ప మొహం మీదే చెప్పాడు. తొమ్మిదేళ్ళుగా వాయిస్తున్న బాలప్పకు ఆ మాటతో నిద్ర పట్టలేదు. విరిగిన గిటారు పొడవుకు సరిగ్గా ఒక దారం తెంపి, కదిరప్పకు ఇచ్చి రమ్మని భార్య నాగలక్ష్మమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె పుట్టింది మొదలు మగ్గాల మధ్యే పెరిగింది. వేలాడే ఒంటి దారాన్ని చూస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. దారిలోనే దాన్ని రెండు మడతలు చేసి, పేని, కొసన ముడి వేసి ఇచ్చింది. మగ్గాలు చేసే కదిరప్పేమో తెగకుండా రెండు పేటలు పేనిందనుకున్నాడు.

"ఏందప్పా ఇది?" ఆదివారం పొద్దున బాలప్ప నోరు వెళ్ళబెట్టాడు. చేతిలో ఉన్న గిటారు మూరెడు మీద నాలుగు వేళ్ళే, పాతదాంట్లో సగం.

"నూలు ఎంత ఉంటే అంత చేసినా. వెంట్రుకవాసి తేడా ఉంటే నా చెయ్యి నరుక్కో" అన్నాడు కదిరప్ప.

పనితనంలో వంక పెట్టడానికి లేదు. వేపచెక్క నున్నగా అద్దంలా ఉంది. కానీ ఇంటికి తెచ్చి పాత తీగలు తగిలిస్తే పందిట్లో తోరణాల్లా వేలాడాయి. బాలప్ప అరుగు మీద కూలబడ్డాడు. నాగలక్ష్మమ్మ తన తప్పు తెలుసుకుంది. పట్టు తీసి, చిటికెన వేలంత లావున నాలుగు తాళ్ళు పేనింది, పైన జరీ బిగించి చుట్టింది.

"ఇవి కట్టి చూడయ్యా. లావుగా ఉండాయి, లోతుగానే పలుకుతాయి" అంది.

చూసే తీరిక లేదు. దారిలో వీరప్ప మనుషులెవరైనా చూస్తే తల తీసేసినట్టవుతుందని, గిటారును భార్య పాత చీరముక్కలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు.

పెనుకొండలో ఎక్కిన బయమ్మ అనే ముసలావిడ పక్కన కూర్చుంది. మూట వైపు ప్రేమగా చూసింది. "పచ్చి బిడ్డ మాదిరుండాడే! చూపియ్యద్దులే నాయనా, దిష్టి తగుల్తాది" అని తన కంటి కాటుక వేలితో తీసి గుడ్డ మీద చుక్క పెట్టింది.

"బిడ్డ కాదవ్వా, గిటారు!" అని బాలప్ప అరిచాడు. ఆమెకు వినపడలేదు. పన్నెండేళ్ళుగా ఆమెకు ఏదీ వినపడదు.

"తల్లి యాడుండాది?"

బాలప్ప గట్టిగా తల అడ్డంగా ఊపాడు. బయమ్మ తల్లి చచ్చిపోయిందనుకుని కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. బస్సులో అందరికీ అసలు సంగతి తెలుసు. అయినా ఇంత వినోదాన్ని చెడగొట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు.

బయమ్మ కొడుకే జాతర కమిటీ పెద్ద. బస్సు దిగగానే ఆమె ముందుగా పోయి అతనికి తల్లి లేని బిడ్డ సంగతి చెప్పింది. బాలప్ప వేదిక దగ్గరకు చేరేసరికి వెనకాల ఉయ్యాల కట్టి ఉంది, గిన్నెలో గోరువెచ్చని పాలు ఉన్నాయి, వీరప్ప కోపంతో ఎర్రగా ఉన్నాడు.

"ఎవురి బిడ్డప్పా? యాడిది?"

బాలప్ప గుడ్డ కొస తొలగించి చూపించాడు. వీరప్ప దాన్ని ఎగాదిగా చూశాడు. "గిటారా ఇది, గిలక్కాయా? తొలి పాట ఐనాక నువ్వు దిగిపో. ఇంక రావద్దు" అన్నాడు.

సిగ్గుకొద్దీ బాలప్ప గుడ్డ పూర్తిగా విప్పలేదు. చిన్న మైకును గిటారు పొట్టలో దూర్చి, ఒక మూల కూర్చుని, దేవుణ్ణి తలుచుకుని, లావు పట్టుతాడు మీటాడు.

అబ్బ! ఆ మోత చెవిలో పడలేదు, పక్కటెముకల్లో పడింది. సోడా బండి మీద సీసాలు గలగలమన్నాయి. జనం లేచి నిలబడి, ఇంత పెద్ద వాయిద్యం ఎక్కడ దాచారోనని వేదిక కిందికి వంగి చూశారు. తన వేళ్ళ కింద నుంచే అది వచ్చిందని నమ్మలేక బాలప్ప కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

ముందు వరసలో ఉన్న బయమ్మ ఇదేమీ వినలేదు. ఆమెకు కనిపించింది ఒకటే, కాటుక చుక్క ఉన్న మూటను ఆ తండ్రి వేళ్ళతో గిల్లుతున్నాడు.

"తల్లి లేని బిడ్డను గిల్తావా, పాపిష్టోడా!" అని వేదికెక్కి గిటారును లాక్కుని గుండెకు అదుముకుంది. బాలప్ప వదల్లేదు. బేస్ ఆగితే తన పని అయిపోయినట్టే కదా. ఆమె నాలుగడుగులు వేస్తే తానూ నాలుగడుగులు వేస్తూ, వంగి, మీటుతూనే ఉన్నాడు.

బయమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"కొట్టుకుంటాండాది" అంది. గుడ్డ జారి బయటపడిన వేపచెక్క మీద అరచెయ్యి ఆనించింది. "నా ఎదలో కొట్టుకుంటాండాది రా! పాటేనా ఇది?"

బాలప్ప మీటుతూనే ఆమె మొహంలోకి చూశాడు. తల ఊపాడు. ఈసారి నిలువుగా. పాట ఎప్పుడో అయిపోయింది, హార్మోనియం ఆగిపోయింది. వేదిక ముందు అంత జాతర జనమూ మెడలు చాచి చూస్తున్నారు. కమిటీ పెద్ద కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. వీరప్ప వచ్చి వంగి తానూ ఒక చెయ్యి చెక్క మీద పెట్టాడు, పెట్టి తియ్యడం మరిచిపోయాడు.

"ఆపొద్దు నాయనా" అంది బయమ్మ, కళ్ళు మూసుకుని.

మరుసటి ఏడు జాతరకు కమిటీ నుంచి వీరప్పకు ఉత్తరం వచ్చింది. బాలప్ప, అతని బుడ్డ గిటారు తప్పకుండా రావాలని, బయమ్మకు వేదిక మీద కుర్చీ వేయించామని, మిగతా ఆర్కెస్ట్రా కూడా వీలుంటే రావచ్చునని.