నాలుగు గంటల మేకు

ఆదివారం ఉదయం కాఫీ గ్లాసు కింద పెడుతూ, ఇవాళ పెరట్లో ఎండ కొలుస్తానని రిటైరైన సర్వేయరు గారు చెప్పారు. భార్య ఉల్లిపాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. ఆయన టేపు పెట్టని వస్తువంటూ ఆ ఇంట్లో లేదు. మిగిలింది ఎండే.

కారణం లేకపోలేదు. మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న అక్కగారు గురువారం వస్తోంది. రెండు నెలలు పెరటివైపు గదిలో ఉంటుంది. తల్లి పోయాక ఆయన్నీ, ఆయన తమ్ముణ్ణీ పెంచింది ఆవిడే. ఫోన్లో ఆవిడ అడిగింది ఒక్కటే: "కిటికీలోంచి ఓ పువ్వు కనపడేలా చూడరా, చాలు."

ఆ మాట విన్నప్పటి నుంచి సర్వేయరు గారికి చిన్నప్పటి అద్దె ఇంటి వాకిలి కళ్ళలో మెదులుతోంది. బట్టలుతికే రాయి పక్కన చంద్రకాంత, గోడ నీడన కనకాంబరం, గేటు దగ్గర మల్లె. అక్క ఒకసారి పాతితే ఏటేటా వాటంతటవే పూసేవి. స్కూలు నుంచి వచ్చేసరికి చంద్రకాంతలు విచ్చుకుని ఉంటే, ఆకలి వేళయిందని లెక్క.

ఈ పెరడు అలాంటిది కాదు. తూర్పున టైలరమ్మ మేడ, పడమట తన ఇల్లు, మధ్యలో సగం రోజు నీడ. కుళాయి కింద ఎప్పుడూ చిత్తడి. పోయినేడు గులాబీలు నీడలో మోడులయ్యాయి. అంతకు ముందేడు మల్లె కుళాయి పక్కన వేరు కుళ్ళి చచ్చింది. ముందు మొక్క కొని తర్వాత చోటు వెతకడమే తప్పని, ఈసారి చోటును బట్టి మొక్కను ఎంచుతానని ఆయన భార్యకు మాటిచ్చారు.

ఎనిమిది గంటలకు నీడ అంచున కర్ర మేకు కొట్టి, ఎర్ర దారం లాగి, అట్టముక్క మీద '8' అని రాసి తగిలించారు. తొమ్మిదికి '9'. ఇలా గంట గంటకూ. మధ్యాహ్నం నుంచి తన ఇంటి నీడ అటు నుంచి ఇటు రావడం మొదలైంది. మళ్ళీ '1', '2'. పెరడంతా సాలెగూడులా తయారైంది.

ఇదంతా మేడ మీద కుట్టుమిషను ముందు కూర్చున్న టైలరమ్మ చూస్తూనే ఉంది. ఊళ్ళో అన్నదమ్ముల పంపకాలకు మేకులు పాతిన మనిషి, ఇప్పుడు సొంత పెరట్లో పాతుతున్నాడు. ఇక చెప్పేవాళ్ళు కావాలా? ఆవిడే సర్వేయరు గారి మరదలికి, అంటే తమ్ముడి భార్యకు, జాకెట్లు కుడుతుంది. చేతుల పొడవు అడగడానికి ఫోన్ చేసి, మధ్యలో ఓ మాట వేసింది. మరదలు దాన్ని భర్త చెవిన వేసేసరికి, పెరడుతో పాటు ఇల్లు కూడా ముక్కలైపోయింది.

ఇల్లు అక్కాతమ్ముళ్ళు ముగ్గురి పేరునా ఉంది. గేటు లోపలికి తెరుచుకోవాలా బయటికా అన్న తగువులో తమ్ముడు నాలుగేళ్ళ కిందట వేరే వీధికి మారిపోయాడు. అప్పటి నుంచి అన్నదమ్ముల క్షేమ సమాచారాలు అక్క ద్వారానే.

మూడున్నరకు తమ్ముడు దిగాడు. అడ్డుగోడ ఎలాగూ తప్పదని తాపీమేస్త్రీని కూడా వెంటబెట్టుకొచ్చాడు. గోడ ఎక్కడ లేస్తుందోనని టైలరమ్మ మేడ దిగి ప్రహరీ అవతల నిలబడింది. తమ్ముడు అట్టముక్కలన్నీ చదువుతూ పెరడు చుట్టూ తిరిగాడు.

"అన్నయ్యా, ఉన్నది ముగ్గురం. ఇన్ని వాటాలెవరికి?"

సర్వేయరు గారు చేతిలో సుత్తితో అర్థం కానట్టు చూశారు.

"పైగా నాలుగు నుంచి ఏడు దాకా నంబర్లు లేవు. అవి ముందే అమ్మేశావా?"

"నాలుగింకా కాలేదురా," అన్నారు ఆయన తలుపులోంచి గోడ గడియారం వంక చూసి.

వాటా ఇంకా తేలలేదని చెబుతున్నాడనుకుని మేస్త్రీ పార నేలకానించి కూర్చున్నాడు. అంతలో లోపల గడియారం నాలుగు కొట్టింది. సర్వేయరు గారు అలవాటు తప్పలేదు. వెళ్ళి, నీడ అంచున మేకు కొట్టి, '4' తగిలించారు.

వదినగారే చివరికి బయటికి వచ్చింది. "అవి వాటాలు కాదు మరిదిగారూ, గంటలు. మీ అక్కయ్య కిటికీ ముందు ఏ పూలమొక్క ఎక్కడ బతుకుతుందోనని పొద్దుటి నుంచీ ఈ తంతు."

తమ్ముడు ఆ '4' పక్కన చతికిలబడ్డాడు.

"అక్క చంద్రకాంత నా దగ్గరుంది," అన్నాడు. "ఆ అద్దె ఇల్లు ఖాళీ చేసిన రోజు దుంప తవ్వి తెచ్చుకున్నాను. కుండీలో ఏటా లేస్తోంది."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేంరా?"

"నువ్వడిగావా?"

చీకటి పడేలోగా కుండీ, నర్సరీ నుంచి మిగతా మొక్కలూ వచ్చాయి. మేస్త్రీ వచ్చిన పని లేదని ఊరికే పోనన్నాడు; గుంతలు తవ్వాడు. చిత్తడికి ఓర్చుకునే మెట్టతామర కుళాయి దగ్గర, కనకాంబరం నీడపట్టున, మల్లె ఎండ ఎక్కువ పడే చోట. నాలుగు గంటల మేకు పీకి, అక్కడ మట్టితో సహా చంద్రకాంతను దించాడు తమ్ముడు. ఆ చోటు మాత్రం తన వాటా అని అందరి ముందూ చెప్పాడు.

గురువారం సాయంత్రం అక్కగారు మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూసింది. చంద్రకాంతలు అప్పుడే విచ్చుకుంటున్నాయి.

"ఇద్దరూ ఏమన్నా తిన్నారా?" అంది. అరవై దాటిన తమ్ముడు, డెబ్బైకి దగ్గరపడ్డ తమ్ముడు, ఇద్దరూ లేదన్నట్టు తలూపారు.

తర్వాత సర్వేయరు గారు కొలతల కాగితం తెచ్చి చూపించారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివింది.

"ఎండ ఏడాదంతా ఒక్కచోటే పడుతుందట్రా? నువ్వు కొలిచింది చలికాలం ఎండ. వేసవికి ఇదంతా మారిపోతుంది."

సర్వేయరు గారు కాగితం మడిచారు. "మరి ఆ ఇంట్లో నువ్వెలా కొలిచేదానివక్కా?"

"నేనెక్కడ కొలిచాను? మన పిల్లి చలికాలం ఎక్కడ పడుకుంటే అక్కడ మల్లె పెట్టాను. ఎండాకాలం ఎక్కడ పడుకుంటే అక్కడ కనకాంబరం."

ముప్పై నాలుగేళ్ళు భూమి కొలిచిన మనిషి మర్నాడు పొద్దున్నే వీధిలో పిల్లి కోసం వాకబు మొదలుపెట్టారు.

మధ్యాహ్నానికల్లా ఆ ఇంటినిండా ఎలుకలు పడ్డాయని టైలరమ్మ వీధంతా చెప్పేసింది.