మూడు పడకగదుల మొహమాట సంగ్రామము

ఆదివార మధ్యాహ్న మార్తాండుడు అద్దాల కిటికీలపై నిప్పులు చెరుగుచుండ, సముద్రములు దాటి వచ్చిన మనవారందరును ‘కొంటే అక్కడే కొనాలి’ అని నిద్రలో సైతము కలవరించు ఆ పరదేశపు పేటలో, అమ్మకపు పలక వ్రేలాడు ఒకానొక గృహద్వారమున, బూట్లు విడిచి, సాక్సు చిరుగును రెండవ పాదముతో కప్పుకొనుచు నిలిచిన ఆ మహావీరుడెవ్వడు? అద్దెకొంపల అరణ్యవాస పరిశ్రాంతుడు, అడిగినవారికి లేదనలేని దయాంబురాశి, మిత్రులచే ‘మెత్తనయ్య’ అని బిరుదాంకితుడు! పాపము, ఆ మెతకదనము వలననే నచ్చిన ఇండ్లన్నియు ఇతరుల పాలయ్యెను.

ధర్మపత్ని ఆయన చెవిలో సమరశంఖము పూరించెను.

“ఈసారి ఎవరొచ్చినా ‘మాకు కావాలి’ అనండి. ఆ ఒక్క ముక్క చాలు. మళ్ళీ మొహమాటపడ్డారో, ఆ ఇరుకుకొంపలోనే ముసలాళ్ళమైపోతాం!”

“నాకు నోరు లేదనుకున్నావా? చెప్తాలే!”

లోన అడుగిడిరి. పడకగదులు మూడు, ఎండ నిండిన వంటగది ఒకటి. ఆ వంటగది గట్టుపై అరచేయి ఆనించిన ఇల్లాలు మరల తీయలేదు. ఆమె కన్నులు చెమ్మగిల్లెను.

అంతలో మేడమెట్లు దడదడలాడ, సతీసమేతుడై దిగివచ్చెను ప్రతివీరుడు! ఎవరో కాదు, ఆఫీసులో పక్కసీటు పెద్దాయన, మన వీరునికి కారు నేర్పిన గురువర్యుడు. ‘ఒంట్లో బాలేదు, ఇంట్లోనే పడుకుంటా’ అని ఉదయమే ఇరువురును ఒకరికొకరు ఫోనులో చెప్పుకొనియుండిరి.

“అరె తమ్ముడూ! మీరూ ఇక్కడే!”

“అబ్బే, ఊరికే అన్నయ్యా... ఇటు పోతూ...”

“మేమూ ఊరికేనే! నచ్చితే మీరే తీసుకోండి. చిన్నవాళ్ళు.”

హా! మొహమాటాస్త్రము! దానికి తిరుగులేని ప్రత్యస్త్రమగు ‘పెద్దవారు, మీరే తీసుకోండి’ అను వాక్యము మెత్తనయ్య పెదవిదాక వచ్చెను. ఇల్లాలి గోరు ఆయన మోచేత దిగెను. భాష తెలియని బ్రోకరు ఇద్దరి ముఖములును మార్చి మార్చి చూచుచు ఆవులించెను. అప్పుడా వీరుడు మనమున ఇట్లు గర్జించెను: “ఓసి జిహ్వా! దంతదుర్గమున ముప్పదిరువురు భటులు కావలియుండ ఒక్క మాటకింత వణుకా? లెమ్ము! నేడు కదలవేని నిన్ను మోసి నాకేమి ఫలము?”

జిహ్వ కదలెను.

“మాకు... మాకు కావాలన్నయ్యా!”

పెద్దాయన ముఖము చిన్నబోయెను. అయినను, కూలుచు కూలుచు ఆ కురువృద్ధుడు తన కడపటి శరము సంధించెను.

“దాందేముంది తమ్ముడూ! మీరు తీసుకుంటే మేం తీసుకున్నట్టు కాదూ?”

అంతే. మన వీరుడు వెన్నయై కరగెను.

“అయ్యో, అదేం మాట! ఆ పై పడకగది మీదే అనుకోండి. ఎప్పుడైనా వచ్చి ఉండండి.”

“అయితే చెల్లీ, శనివారం శనివారం వచ్చేస్తాం!” అని పెద్దాయన భార్య సంబరపడెను.

ఇల్లాలు మగని వైపు చూచెను. చేయి మాత్రము గట్టు విడువలేదు.

“పోన్లెండి,” అని కన్నులు తుడుచుకొని నవ్వెను, “వంటిల్లు ఇచ్చెయ్యలేదు!”

కావున వినుడు, జనులారా! పడకగదులు మూడింట రెండింటిని, వంటశాల సమస్తమును స్వజిహ్వా పరాక్రమమున నిలుపుకొన్న మెత్తనయ్యకు జయము, జయము!